రాని ఫిర్యాదులు

ముగ్గురు మనుషులు నీళ్లలో కొట్టుకుపోయిన ఊరి నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదన్న సంగతి ఫిబ్రవరి నెలాఖరులో, వార్షిక నివేదిక చిత్తుప్రతి చదువుతుండగా సుభాషిణి కంటపడింది.

ఆమె ఆ రాష్ట్రానికి జనాయుక్త. సర్కారు ఆఫీసుల మీద జనం పెట్టుకునే ఫిర్యాదులు విని, విచారించి, తప్పెవరిదో తేల్చడం ఆమె పని. అంతకుముందు ముప్పై ఏళ్లు జడ్జీగా చేసింది. జనాయుక్త చట్టంలో పద్నాలుగో సెక్షన్ ఒకటుంది. ఏటా మార్చి ముప్పై ఒకటిలోగా శాసనసభకు నివేదిక పంపాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి, ఎన్ని మిగిలాయి, ఆఖరున 'జనాయుక్త దృష్టికి వచ్చిన ఇతర విషయాలు'. ఆ ఆఖరి అంశం కింద పద్దెనిమిదేళ్లుగా అందరూ 'ఏమీ లేవు' అనే రాస్తూ వచ్చారు. కిందటేడు సుభాషిణి కూడా అదే రాసింది.

చిత్తుప్రతి తయారుచేసింది సూపరింటెండెంటు మొహియుద్దీన్. ఆఫీసు పుట్టిన రోజు నుంచీ ఇన్‌వర్డు రిజిస్టరు ఆయన చేతిమీదుగానే నడుస్తోంది. నిరుడు వచ్చిన ఫిర్యాదులు పదకొండు వేల చిల్లర. ఈ ఏడు తొమ్మిది వందల ఆరు.

"ఇంత తగ్గడమేమిటి మొహియుద్దీన్ గారూ? ఆఫీసులు అంత బాగుపడ్డాయా?"

"బాగుపడితే మీకూ నాకూ తెలియదా మేడమ్! పొట్టిలాకు ఫైలు చూడండి ఒకసారి."

పొట్టిలాకు డెల్టాలో ఓ పల్లె. అక్కడ కాలువ మీద పాతకాలపు లాకు ఉంది. దాని తలుపులు ఎత్తి దించే లస్కరు పంపన సూరిబాబు. షట్టరుకున్న ఇనుపతాడు తుప్పు పట్టిందని అతను వరసగా మూడేళ్లు జనాయుక్తకు రాశాడు. మూడుసార్లూ ఇక్కణ్ణుంచి నోటీసు వెళ్లింది, మూడుసార్లూ 'త్వరలో మారుస్తాం' అని జవాబొచ్చింది. నాలుగో ఏడు సూరిబాబు రాయలేదు. అక్టోబరు వరదలో తాడు తెగింది. షట్టరు ఆపబోయి సూరిబాబూ, సాయం దిగిన ఇద్దరు రైతులూ పోయారు.

"ఆ తర్వాతైనా ఎవరూ రాయలేదా?"

"ఒక్కరు కూడా. కుళాయి రెండ్రోజులు రాకపోతే నలభై సంతకాలతో కాగితం పంపే ఊరు మేడమ్ అది."

ఆ సాయంత్రమే ప్రభుత్వ కార్యదర్శి రాజశేఖరం ఫోను చేశాడు. గొంతులో పండగ వినిపిస్తోంది. "తొంభై శాతం తగ్గాయటగా అమ్మా ఫిర్యాదులు! దేశంలో ఎక్కడా లేదు. ఈసారి నివేదిక విడుదల కాస్త ఘనంగా చేద్దాం."

"ముందు రాయనివ్వండి," అని ఫోను పెట్టేసింది సుభాషిణి.

మర్నాడు మొహియుద్దీన్‌ని వెంటబెట్టుకుని పొట్టిలాకు వెళ్లింది. సూరిబాబు భార్య వీరవేణి పెరట్లో గోంగూర ఒలుస్తోంది. వచ్చినవాళ్లెవరో తెలిశాక కుర్చీలు వేసింది, మంచినీళ్లిచ్చింది, నవ్వుతూ మాట్లాడింది. కోర్టులో సుభాషిణి ఎంతమంది భర్త పోయినవాళ్లని చూడలేదు! గుండె రాయి చేసుకున్నవాళ్లుంటారు, పైకి కనపడనివ్వనివాళ్లుంటారు. ఈ మనిషి ఆ రెండు రకాలూ కాదు. పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నట్టు చెబుతోంది.

"మీ ఆయన నాలుగోసారి ఎందుకు రాయలేదమ్మా?"

"రాత్తానన్నాడండి. మొదలెట్టాడు కూడానండి." లోపలికెళ్లి ఓ నోటుబుక్కు తెచ్చింది. 'జనాయుక్త గారికి, పొట్టిలాకు షట్టరు తాడు ఈ వరదకి ఆగదని తమకు' అన్నంతవరకూ రాసి ఉంది. ఆపైన కాగితం ఖాళీ. "మద్దిలో ఓ రోజు ఇంటి పట్టా పనిమీద సేవాకేంద్రానికి ఎళ్లాడండి. పొద్దున్నించి మద్దేన్నం దాకా కూకోబెట్టారంట. వచ్చాకా 'పోనీలేవే, తెగితే తెగుద్ది' అన్నాడండి. అలాగనే మనిసి కాదండి ఆయన. లాకంటే పేణం."

"మరి ఆయన పోయాక మీరెవరూ అడగలేదా?"

"అడుగుదారనే అనుకున్నామండి. మరణపత్రం కోసమని ఎళ్లాను, ఆ హాల్లోనే రెండ్రోజులు కూకున్నాను. ఇప్పుడు పింఛను కాగితాలకని నెలకి రెండుసార్లు పిలుత్తన్నారు." గోంగూర ఒలిచే చేతులు ఆగాయి. "అప్పట్నించీ ఏడుపు రాట్లేదమ్మా. ఆయన పోయాడని తెలుసు. అన్నం ఒక్కదానికే వండుకుంటన్నాను. కానీ లోపల ఏమీ కదలట్లేదు. నేను సెడ్డదాన్నయిపోయానా అనిపిత్తంది. అది కూడా గట్టిగా అనిపించదండి."

లేచేటప్పుడు మొహియుద్దీన్ ఆ నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు.

తిరుగుదారిలో మండలంలోని సేవాకేంద్రం ముందు కారాపించింది సుభాషిణి. గుమ్మంలో నిలబడే లోపలికి చూసింది. వందమంది దాకా బెంచీల మీద కూర్చుని ఉన్నారు. గొణుగుడు లేదు, తోపులాట లేదు. కౌంటరు మూసేసి గుమస్తా ఎటో వెళ్లిపోయాడు, ఒక్కరూ అదేమని అడగలేదు. పైకప్పుకి పళ్లెమంత తెల్లటి పెట్టెలు నాలుగు బిగించి ఉన్నాయి, ఒక్కోదానికీ నీలం దీపం. అది చూశాక ఆమె గడప దాటి లోపలికి అడుగుపెట్టలేదు. ఆ పెట్టె పేరు 'నెమ్మది'. కాలిన రోగుల బాధ తగ్గించడానికని దాన్ని కనిపెట్టినవాడు ఆమె తమ్ముడు మురారి.

మురారి ఒకప్పుడు కాలిన గాయాల వార్డులో సర్జను. ఇప్పుడు అదే వార్డు పక్కన ప్రయోగశాల నడుపుతున్నాడు. ఇంట్లో అక్క మేడ మీద, తను కింది వాటాలో. ఆదివారం భోజనం అక్క దగ్గరే. అయినా ప్రయోగశాలలోకి సుభాషిణి వెళ్లడం అదే మొదటిసారి.

నేరుగా అద్దం తలుపు దగ్గరికి తీసుకెళ్లాడు మురారి. అవతల పదిహేనేళ్ల పిల్లకి వీపంతా కట్లు మారుస్తున్నారు. ఆ పిల్ల నర్సుకి తన స్నేహితురాలి పెళ్లి ముచ్చట్లు చెబుతోంది.

"నొప్పి పోలేదక్కా. అడిగితే ఎంతుందో చెప్తుంది. నొప్పి మీద పట్టింపు పోయింది, అంతే. ఆ పెట్టె చేసే మోత చెవికి వినపడదు. మెదడులో ఈ బాధ నాది, దీన్ని ఆపాలి అని పట్టుకుని ఉండే చోటుంటుంది. ఆ పిడికిలిని అది వదులు చేస్తుంది. అరగంట వింటే మూడు వారాల దాకా ఉంటుంది. ఇది రాకముందు ఈ గదిలోంచి వచ్చే అరుపులు నేను ఎనిమిదేళ్లు విన్నాను."

"సేవాకేంద్రాలకెలా వెళ్లిందిరా ఇది?"

"క్యూల్లో కొట్లాటలు, గుమస్తాల మీద చెయ్యి చేసుకోవడాలు. కాస్త సర్దుమణిగితే చాలన్నారు సర్కారువాళ్లు. వార్డులో వాడే మోతాదులో పదోవంతు అన్నారు. సరేనన్నాను."

"ఇప్పుడెంత పెడుతున్నారు?"

మురారి కంప్యూటరు తెర అక్క వైపు తిప్పాడు. రెండు వందల పద్నాలుగు కేంద్రాలు. జులై నుంచి అన్నిట్లోనూ పూర్తి మోతాదు. ఫలితాలు బాగున్నాయని ఎవరో పెంచుకుంటూ పోయారు.

"నీకు తెలుసు."

"తెలుసు. ఈ వార్డు నడిచేదీ వాళ్ల ఆర్డరు మీదే అక్కా. నోరెత్తితే ఇక్కడా పీకేస్తారు. ఆ పిల్లకేం చెప్పను?"

"పొట్టిలాకులో ముగ్గురు పోయారు. వాళ్లకేం చెప్తావు?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. మెల్లిగా అన్నాడు. "నువ్వు రాసినా ఒప్పుకోరు. సేవలు మెరుగయ్యాయి, జనం సుఖంగా ఉన్నారు అంటారు. కాదని జనమూ చెప్పరు. అందులో కూర్చున్నవాడికి తనకేం పోయిందో పట్టదు. నిరూపించాలంటే, ముందు ఏమనుకుంటున్నాడో రాసిపెట్టి, తెలిసి తెలిసి లోపల కూర్చుని, మళ్లీ రాసే మనిషి కావాలి. ఆ మాటకి విలువున్న మనిషి."

"నేను కూర్చుంటాను."

"పిచ్చా? నివేదికకి మిగిలింది మూడు వారాలే. మూడు వారాలు నీకు ఏదీ పట్టదు. అసలు రాయనే రాయవు."

"ఇంకొకర్ని కూర్చోబెట్టే హక్కు నాకు లేదురా."

మార్చి పన్నెండున ప్రయోగం జరిగింది. పొద్దున్నే ఆఫీసులో సుభాషిణి తన చేత్తో నాలుగు పేజీలు రాసింది, పొట్టిలాకు గురించి తనకేం తెలుసో, ఏం చేయదలుచుకుందో. మొహియుద్దీన్ పదకొండు ప్రశ్నలు తయారుచేసి అడిగాడు, జవాబులు రాసుకున్నాడు. తర్వాత మురారితో కలిసి ముగ్గురూ పొట్టిలాకు దగ్గరి సేవాకేంద్రానికి బయల్దేరారు. మొహియుద్దీన్ బయట రోడ్డు మీదే ఉండిపోయాడు. మురారి చెవులకి తన ప్రయోగశాల కవచాలు పెట్టుకుని, మోతాదు కొలిచే మీటరు పట్టుకుని అక్క పక్కన కూర్చున్నాడు.

మొదటి పదినిమిషాలూ ఏమీ తెలియలేదు. మూసి ఉన్న కౌంటరు చూస్తే ఒళ్లు మండింది. తర్వాత ఎండలోంచి వచ్చి చన్నీళ్లు తాగినట్టయింది. గుమస్తాకి ఇంట్లో ఏం పనులున్నాయో పాపం అనిపించింది. వీరవేణి మొహం గుర్తుకొచ్చింది. గోంగూర కూడా గుర్తుకొచ్చింది. రెండూ ఒకే బరువుతో వచ్చాయి.

బయటికొచ్చాక మొహియుద్దీన్ అవే పదకొండు ప్రశ్నలు మళ్లీ అడిగాడు. "లాకు తాడు మార్చనివాళ్ల మీద చర్య అవసరమా?" అన్నదానికి పొద్దున 'తప్పనిసరిగా, నెలలోపు' అని చెప్పిన సుభాషిణి, "అయిపోయిందిగా," అంది. రాసుకుంటున్న మొహియుద్దీన్ పెన్ను ఆపి ఆమె మొహంలోకి చూశాడు. ఎందుకు చూస్తున్నాడో ఆమెకి తెలుసు. తెలిసినా ఏమీ అనిపించలేదు.

ఆ తర్వాత రోజులు హాయిగా గడిచాయి. బాగా నిద్రపట్టేది. టీవీలో పాత పాటలు చూసేది. ఆఫీసుకి వచ్చి వచ్చిన కాగితాల మీద సంతకాలు పెట్టేది. రాజశేఖరం తమ వాళ్లతో రాయించిన నివేదిక పంపించాడు. అట్ట మీద నవ్వుతున్న జనం ఫొటో. చదవడానికి బాగానే ఉంది. రోజూ పదింటికల్లా మొహియుద్దీన్ ఆమె ముందు తెల్లకాగితాలు పెట్టేవాడు. మధ్యాహ్నం అవి అలాగే వెనక్కి తీసుకెళ్లేవాడు.

మార్చి ఇరవై మూడున కాగితాలతోపాటు చట్టం పుస్తకం కూడా తెచ్చిపెట్టాడు. కూర్చోమనకుండానే కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన అలా కూర్చోవడం అదే మొదలు.

"ఈసారికి వదిలేద్దాం మొహియుద్దీన్ గారూ," అంది సుభాషిణి. "వాళ్లు పంపింది ఉందిగా."

"వదిలేయొచ్చని ఇందులో ఎక్కడుందో చూపించండి మేడమ్."

ఆమె పద్నాలుగో సెక్షన్ తీసి చదివింది. 'జనాయుక్త తన దృష్టికి వచ్చిన విషయాలను శాసనసభకు నివేదించవలెను.' మళ్లీ చదివింది. 'నివేదించవలెను' అని ఉంది. ఇష్టమైతే అని లేదు, బాధ కలిగితే అని లేదు.

"లేదు," అంది.

"పొట్టిలాకు సంగతి మీ దృష్టికి వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

ముప్పై ఏళ్లలో తను రాసిన తీర్పులన్నీ కోపంతో రాసినవా? జ్వరంతో రాసినవి ఉన్నాయి, విసుగుతో రాసినవి ఉన్నాయి. భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు మనసు ఎటో పెట్టుకుని రాసినవీ ఉన్నాయి. ముద్దాయి మీద కోపం ఉందా, జాలి ఉందా అని ఏ చట్టమూ ఆమెని అడగలేదు. సాక్ష్యం ఏం చెబుతోందో అడిగింది, అంతే. జనానికి అడిగే ఓపిక లేని రోజున, తనకే రాసే మనసు లేని రోజున కూడా పని ఆగకూడదనే కాబోలు ఎవరో ముందుచూపున్నవాళ్లు ఆ 'వలెను' పెట్టారు.

"పొద్దునా సాయంత్రం నన్నడిగిన ప్రశ్నలు తెండి," అంది. "సూరిబాబు నోటుబుక్కు కూడా."

రాయడం మొదలుపెట్టింది. ఉత్సాహం రాలేదు. బావిలోంచి ఒక్కో చేదా తోడినట్టు ఒక్కో వాక్యం. ప్రతి పేరా చివరా చాలు అనిపించేది. అప్పుడు మొహియుద్దీన్ తర్వాతి కాగితం ముందుకు జరిపేవాడు. నాలుగు రోజులు అలా రాసింది. 'ఇతర విషయాలు' అన్న శీర్షిక కింద ముప్పై ఒక్క పేజీ వచ్చింది. రాష్ట్రంలో ఈ ఏడు రాకుండా పోయిన ఫిర్యాదులు సుమారు పదివేలనీ, అవి ఎందుకు రాలేదనీ, రాకపోవడం వల్ల ఎవరు చనిపోయారనీ, అందులో ఈ ఆఫీసు నోటీసులు పంపి ఊరుకున్న తప్పు ఎంతనీ.

ఇరవై ఎనిమిదిన మురారి వచ్చాడు. చేతిలో కవరు. రెండు వందల పద్నాలుగు కేంద్రాల మోతాదు లాగులు, వాటితోపాటు అఫిడవిట్టు. 'ఈ పెంపు జులైలోనే నాకు తెలిసినది. తెలిసియు మిన్నకుంటిని' అని లాయరు భాషలో ఉన్న వాక్యం కింద సంతకం చేశాడు.

"ఇది జత చేస్తే నీ ప్రయోగశాల ఉండదురా," అంది సుభాషిణి. పక్కింటి అబ్బాయితో అన్నట్టు అంది.

"తెలుసక్కా. చెయ్యి."

ముప్పయ్యో తేదీ పొద్దున నివేదిక నేరుగా స్పీకరు కార్యాలయంలో అందజేసి, మొహియుద్దీన్ రసీదు తెచ్చుకున్నాడు. తమ వాళ్లు రాసింది వెళ్లడం లేదని తెలిసి, దానికి గంట ముందే రాజశేఖరం ఫోనులో పండగ గొంతు పోయి, "మీ ఆరోగ్యం సరిగా లేదేమో చూసుకోండమ్మా," అన్నాడు. "లేదు. అదే రాశాను అందులో," అంది సుభాషిణి.

వారం తర్వాత ఆదివారం. వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. మురారి బల్ల దగ్గర పేపరు చదువుతున్నాడు. ఉన్నట్టుండి కత్తి కింద పెట్టేసింది. తాడు తెగిన చప్పుడు విన్నట్టే అయింది. సూరిబాబుకి నలభై నాలుగేళ్లు. మిగతా ఇద్దరు అన్నదమ్ములు. పదకొండు రోజులు తను టీవీలో పాటలు చూసింది!

"మురారీ."

తమ్ముడు తలెత్తాడు. మొహం చూడగానే అర్థమైంది అతనికి.

"ఇప్పుడొచ్చిందిరా నాకు కోపం," అంది సుభాషిణి. కళ్లలోంచి నీళ్లు ధారలు కట్టాయి. "జులైలో తెలుసు నీకు. అక్టోబరు దాకా మూడు నెలలు! ఒక్క మాట, మేడ ఎక్కొచ్చి ఒక్క మాట చెప్పలేకపోయావా? పై వాటాలోనే కదా ఉన్నాను! ప్రతి ఆదివారం నా చేతి అన్నం తింటూ ఎలా కూర్చున్నావురా?"

అతను ఆమె తిట్టినంతసేపూ నిలబడి విన్నాడు. వార్డు మాట ఎత్తలేదు. ఆ పూట ఇద్దరూ అన్నం తినలేదు.

సభలో నివేదిక మీద రెండు రోజులు గొడవ జరిగింది. సుభాషిణి పొద్దున జవాబులూ సాయంత్రం జవాబులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఓ సభ్యురాలు చదివి వినిపిస్తే, నవ్వుదామనుకుని మొదలెట్టినవాళ్లు కూడా మధ్యలో ఆగిపోయారు. జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రంలో ఉన్న ప్రతి 'నెమ్మది' పెట్టే తీసేయాలి. మోతాదు పెంచినవాళ్ల మీద కేసు. మురారి పదవి పోయింది.

ఉత్తర్వులో 'ప్రతి' అని ఉంది కాబట్టి వార్డులోవీ తీసేశారు. సుభాషిణి ఆ మర్నాడు వార్డుకి వెళ్లింది. అద్దం తలుపు అవతల ఓ తాపీమేస్త్రీకి కట్లు మారుస్తున్నారు. ఆ కేక కారిడారు చివరిదాకా వినపడింది. మురారి ఇప్పుడక్కడ మామూలు డాక్టరు. ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఏదో చెబుతున్నాడు. సుభాషిణి చెవులు మూసుకోలేదు. కట్టు పూర్తయ్యేదాకా నిలబడి, ఆఫీసుకొచ్చి ప్రత్యేక నివేదిక రాసింది. వైద్యుల చేతిలో, రోగి ఒప్పుకోలుతో, వార్డు గోడలు దాటకుండా ఆ పెట్టెలు తిరిగివ్వాలని. ఆమెకి ఎనిమిది నెలలు పట్టింది దాన్ని సాధించడానికి. ఆ ఎనిమిది నెలల కేకలూ తన నివేదిక మూలంగానే అని ఆమెకి తెలుసు. ఎవరు ఓదార్చినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

సేవాకేంద్రాల్లో పెట్టెలు తీసేసి మూడు వారాలు దాటాక, నాలుగో సోమవారం జనాయుక్త ఆఫీసు గేటు తెరిచేసరికి లైను వీధి మలుపు దాటిపోయింది. తొమ్మిదింటికే మొహియుద్దీన్ రెండో రిజిస్టరు తెరిచాడు. మొట్టమొదట లోపలికి దూసుకొచ్చినవాడు ఓ లారీ డ్రైవరు, పేరు కూడా చెప్పకుండా బల్ల మీద గుద్దాడు.

"మా ఊరి వంతెన కూలి ఏడాదయింది. మా అమ్మని మంచమ్మీద మోసుకుని వాగు దాటించాను. నాకు బుర్ర మొద్దుబారితే మీకేమైంది? ఇన్నాళ్లూ ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నారు?"

మొహియుద్దీన్ వారించబోయాడు. సుభాషిణి వద్దని చెయ్యెత్తింది.

"నిజమే. అడగాల్సిన మాటే. కూర్చోండి, చెప్పండి."

"కూర్చోను!"

"సరే, నిలబడే చెప్పండి," అంటూ ఆమె కూడా కుర్చీలోంచి లేచి, పెన్ను మూత తీసింది. "ముందు మీ ఊరి పేరు."